లక్క భరిణె ధరలో తరిగేది ఎవరి భాగం?

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామపు లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు పేరు పెట్టుకుని మరెవరూ సరుకు అమ్ముకోకుండా చట్టం కల్పించే రక్షణ, లభించింది. ఆ బొమ్మలకు సహజ రంగులను తిరిగి తీసుకువచ్చిన సి.వి. రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలను దేశానికంతటికీ చూపించింది. ఇంత గౌరవం పొందిన వస్తువు ఎగ్జిబిషన్ బల్ల మీదికి వచ్చేసరికి మాత్రం ‘ఎంత?’ అన్న ప్రశ్న మొదట ఎదురవుతుంది, ధర చెప్పగానే ‘సగానికిస్తారా?’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఈ రెండు ప్రశ్నల మధ్య దొరికే కాస్త వ్యవధిలో కళాకారుడు ఏ లెక్క మీద నిలబడాలి, ఎంతవరకు దిగవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఈ ప్రసంగానికి విషయం.

ఏటికొప్పాక పని కొండపల్లి పని వంటిది కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చేతితో చెక్కి, ముక్కలు అతికించి బొమ్మను నిలబెడతారు. ఏటికొప్పాకలో కర్రను తరిమెన పడతారు. తరిమెన అంటే కర్రముక్కను రెండు కొసలనో ఒక కొసనో బిగించి గిరగిర తిప్పే సాధనం, నేటి వాడుకలో లేత్. తిరుగుతున్న కర్రకు ఉలిని ఆనించినప్పుడు పొట్టు లేచి, గుండ్రని రూపం బయటపడుతుంది. పూర్వం ఒకరు తాడు లాగి కర్రను తిప్పితే మరొకరు ఉలి పట్టేవారు. విద్యుత్తు వచ్చిన తరువాత తాడు లాగే మనిషి స్థానాన్ని మోటారు తీసుకుంది, కాని ఉలి పట్టే చెయ్యి మారలేదు. బొంగరాలు, లక్కపిడతలు, గిలక్కాయలు, కుంకుమ భరిణెలు, చదరంగం పావులు, ఇవన్నీ ఆ చెయ్యి తరిమెన మీద తీర్చినవే.

ధర లెక్క తెలియాలంటే ఒక్క భరిణెను మొదటినుంచి చివరిదాకా చూడవలసి ఉంటుంది. దానికి వాడే అంకుడు కర్ర తెల్లగా, తేలికగా, సన్నని పొరతో ఉండి ఉలికి మెత్తగా లొంగుతుంది, అయితే ఆ చెట్టు పెద్దగా లావెక్కదు, కొమ్మ దొరికినా అందులో వంకరలు, కణుపులు పోగా పనికివచ్చేది కొంతే మిగులుతుంది. పచ్చి కర్రను అప్పటికప్పుడు తరిమెనకు ఎక్కిస్తే, వస్తువు తయారైన తరువాత తేమ ఆరుతూ కర్ర ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా కుంచించుకుపోయి పగులుతుంది, లేదా గుండ్రని మూత కోలగా మారి భరిణెకు పట్టకుండా పోతుంది. అందువల్ల కర్రను నీడన పేర్చి ఆరబెట్టాలి. ఆ కాలమంతా కర్ర మీద పెట్టిన డబ్బు కదలకుండా పడి ఉంటుంది. ఆరిన కర్రను కొలతకు కోసి, పైరూపం తీర్చి, లోపల తొలిచి, ఆ తరువాత మూతను విడిగా తిప్పి, మూత అంచుకూ భరిణె గొంతుకూ జోడీ కుదర్చాలి. ఈ పని మొత్తంలో కష్టమైనది ఆ జోడీయే. వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే మూత వదులై తలకిందులు చేయగానే ఊడిపోతుంది, తక్కువ తీస్తే వానాకాలపు తేమకు ఉబ్బి బిగుసుకుంటుంది. కొనేవారు భరిణెను చేతిలోకి తీసుకుని మూతను ఒకసారి తీసి, ఒకసారి పెట్టి, మెత్తగా దిగిందని సంతోషిస్తారు. ఆ మెత్తదనం కోసం కళాకారుడు మోటారును ఎన్నిసార్లు ఆపి, మూతను సరిచూసి, మళ్ళీ ఉలి పట్టాడో ఆ వస్తువు మీద ఎక్కడా కనబడదు.

రంగు వేయడం మరొక పని. లక్క అనేది మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు స్రవించే బంక; దానిని శుద్ధిచేసి, నిప్పుల మీద వేడిచేసి, సాగదీసి, రంగు కలిపి, మడిచి మళ్ళీ సాగదీస్తూ రంగు అంతటా సమంగా పట్టేవరకు పిసికి కడ్డీలుగా చేస్తారు. పసుపు నుంచి పసుపుపచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి నుంచి నీలం వస్తాయి, నీలిని పసుపుతో కలిపితే ఆకుపచ్చ పుడుతుంది. తిరుగుతున్న భరిణెకు ఈ కడ్డీని అదిమి పట్టినప్పుడు రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పూతలా అంటుకుంటుంది, ఆ పూతను ఎండిన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాంటి మెరుపు వస్తుంది. బజారులో డబ్బాలో దొరికే రసాయన రంగుకూ దీనికీ ఖర్చులోనే కాదు, కాలంలోనూ పెద్ద తేడా ఉంది. ఇదే సందర్భంలో కళాకారుడు కొనేవారికి చెప్పవలసిన నిజం కూడా ఒకటుంది: పసుపు నుంచి తీసిన రంగు నేరుగా ఎండ తగిలే చోట వెలిసిపోతుంది. సహజ రంగు కనుక ఎక్కువ ధర అని చెప్పేవారు ఆ రంగు స్వభావాన్ని కూడా దాచకుండా చెప్పినప్పుడే ఆ ధరకు నమ్మకం తోడవుతుంది.

చేతిపనుల ధర విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. నేసిన చీరలో పోగులు కనిపిస్తాయి, అల్లిన బుట్టలో అల్లిక కనిపిస్తుంది, చెక్కిన బొమ్మలో ఉలి గుర్తులు మిగులుతాయి. తరిమెన పట్టిన వస్తువులో మాత్రం పనితనం పెరిగినకొద్దీ శ్రమ గుర్తులు చెరిగిపోతాయి, చివరకు అది యంత్రం పోతపోసిన వస్తువులా నున్నగా కనబడుతుంది. అందుకే ముప్ఫై రూపాయల ప్లాస్టిక్ డబ్బాతో దానిని పోల్చే కొనుగోలుదారును తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయన కంటికి కనబడినదానినే ఆయన పోల్చుతున్నాడు. దీనికి తోడు నైపుణ్యమే కళాకారుడికి శత్రువయ్యే సందర్భం ఒకటి ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు పూటంతా తంటాలు పడే బొంగరాన్ని చేయి తిరిగినవాడు కొద్ది నిమిషాలలో తిప్పి ఇస్తాడు. చూసినవారు ‘ఇంతసేపటికి ఇంత డబ్బా?’ అంటారు. ఆ కొద్ది నిమిషాల వెనుక ఉన్న ఏళ్ళ సాధనకు ధరలో చోటు లేకపోతే, పని వేగంగా చేయగలిగినవాడికి నెమ్మదిగా చేసేవాడికన్నా తక్కువ ముట్టే వింత లెక్క తయారవుతుంది.

ఇప్పుడు అంకెలలోకి వెళ్ళవచ్చు. ఇక్కడ చెప్పే అంకెలు లెక్క పద్ధతిని చూపడానికి తీసుకున్న ఉదాహరణలు, ఎవరి పద్దు పుస్తకంలోవీ కావు. ఏ కళాకారుడైనా వాటి స్థానంలో తన అంకెలు వేసుకోవచ్చు. ఒక చిన్న మూత భరిణెకు కర్ర, లక్క, రంగు కలిపి 25 రూపాయలు అనుకోవాలి. దీనిని ముడిసరుకు ఖర్చు అంటారు. షెడ్డు అద్దె, కరెంటు, ఉలుల సాన, మోటారు అరుగుదల వంటివాటిని స్థిర వ్యయాలు అంటారు, అంటే అమ్మకం జరిగినా జరగకపోయినా దాదాపు ఆగకుండా నడిచే ఖర్చులు. నెల మొత్తాన్ని ఆ నెలలో తయారైన వస్తువుల మీద పంచితే ఈ భరిణె వాటాకు 10 రూపాయలు వచ్చిందనుకోవాలి. పనికి ముప్పావుగంట పడుతుంది, గంటకు 100 రూపాయలు కూలి అనుకుంటే 75 రూపాయలు. మొత్తం 110. అయితే పది భరిణెలు అమ్మకానికి రావాలంటే పదకొండు చేయాలి, ఒకటి పగులుతుంది లేదా మూత కుదరక పక్కకు పోతుంది. పోయినదాని ఖర్చును నిలిచిన పదీ మోయాలి కనుక ఒక్కొక్కదాని మీద మరో 11 రూపాయలు పడి 121 అవుతుంది. కాగితం, అట్టపెట్టె 4 రూపాయలు. అంటే 125 దగ్గర అసలు ఖర్చు తీరుతుంది. రేపటి కర్ర కొనడానికి, పని దొరకని నెలను దాటడానికి, పాడైన మోటారును మార్చడానికి 25 రూపాయలు మిగులు ఉంచుకుంటే 150 రూపాయలు ఆ భరిణెకు గిట్టుబాటు ధర, అంటే చేసినవాడు నష్టపోకుండా మళ్ళీ అదే పని చేయగలిగే ధర.

కొనేవారు ‘వందకు ఇవ్వండి’ అన్నారనుకుందాం. తగ్గవలసిన 50 రూపాయలు ఎక్కడి నుంచి వస్తాయి? కర్ర అమ్మినవాడు తగ్గడు, కరెంటు బిల్లు తగ్గదు, పగిలిన పదకొండో భరిణె తిరిగి అతుక్కోదు. మొదటి 25 రూపాయలు మిగులు నుంచి పోతాయి, తరువాతి 25 రూపాయలు నేరుగా కూలి నుంచి పోతాయి. 75 రూపాయల కూలి 50 అవుతుంది. ధర మూడో వంతు తగ్గింది, కూలి కూడా మూడో వంతే తగ్గింది కదా అని తృప్తిపడటానికి వీలు లేదు, ఎందుకంటే మిగులు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. బేరం ఇంకా కిందికి దిగి 80 దగ్గర తెగితే కూలికి మిగిలేది 30 రూపాయలు, అంటే గంటకు 40. ఎనిమిది గంటలకు 320 రూపాయలు అనిపిస్తుంది కాని, కర్ర తెచ్చుకోవడం, ఆరబెట్టడం, ఉలి సాన పట్టడం, సరుకు మోసుకెళ్ళడం వంటివాటికి రోజులో రెండు గంటలు పోతే తరిమెన ముందు కూర్చునేది ఆరు గంటలే, అప్పుడు చేతికి వచ్చేది 240. 2024–25లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ ఉపాధి హామీ పథకపు రోజుకూలి 300 రూపాయలు. చెరువు మట్టి తవ్వే పనిని తక్కువ చేసి చూడటం ఇక్కడ ఉద్దేశం కాదు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య ఉన్న చేతికి, ప్రభుత్వం ఏ నైపుణ్యమూ అడగకుండా ఇచ్చే కనీస కూలి కూడా దక్కనప్పుడు ఆ చేతివృత్తిదారుడి కొడుకు తరిమెన వదిలి పట్నపు ఫ్యాక్టరీకి వెళ్ళడంలో ఆశ్చర్యపడవలసినది లేదని చెప్పడమే ఉద్దేశం.

ఈ వాదం కొత్తది కాదు. 1935లో ఖద్దరు చవకగా ఉండాలా, వడికేవారికి బతుకుతెరువు దొరకాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు గాంధీజీ రెండో పక్షాన నిలిచి, ఎనిమిది గంటల వడుకు పనికి ఎనిమిది అణాలు రావాలని కోరారు. అంత మొత్తం ఆచరణలోకి రాలేదు, అయినా ఆ ఏడాదే అఖిల భారత చరఖా సంఘం వడికేవారికి కనీస కూలి ఉండాలన్న సూత్రాన్ని ఆమోదించింది. ఖద్దరు ధర పెరిగితే కొనేవారు తగ్గుతారని కార్యకర్తలు భయపడ్డారు, ఆ భయం నిరాధారమైనదేమీ కాదు. కాని చవకదనాన్ని ఎవరి ఆకలితో కొనుక్కుంటున్నామన్న ప్రశ్నను అంత సూటిగా, అంత పెద్ద వేదిక మీద లెక్కల భాషలో నిలబెట్టిన సందర్భాలు మన దేశ చరిత్రలో ఎక్కువ లేవు, చేతిపనుల ధర గురించి ఆలోచించే ప్రతివారూ తిరిగి చూడవలసిన ఘట్టమది.

అలాగని బేరం ఆడటమే తప్పని తీర్మానించడం తెలుగునాట సంతల తీరు తెలియనివారి మాట అవుతుంది. బేరం మన అంగళ్ళలో ఒక మర్యాద. కొనేవారు అడగడం, అమ్మేవారు కాస్త దిగడం, చివర కొసరు వేయడం అందరికీ అలవాటైన వరుస. పొద్దున్నే వచ్చిన మొదటి కొనుగోలుదారును పోగొట్టుకోకూడదన్న నమ్మకంతో బోణీ బేరాన్ని గిట్టకపోయినా తెంచేవారు నేటికీ ఉన్నారు. ఈ అలవాటును గౌరవిస్తూనే కూలిని కాపాడుకునే మార్గాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ముందు చెప్పవలసినది కొసరు గురించి. 150 రూపాయల భరిణె మీద 30 రూపాయలు తగ్గించేకన్నా, భరిణెను 150కే ఇచ్చి, పనికి మిగిలిన కర్రతుండు నుంచి తిప్పిన చిన్న బొంగరాన్ని పిల్లవాడి చేతిలో పెట్టడం మేలు. ఆ బొంగరానికి కొత్తగా కర్ర కొనలేదు, పట్టిన కాలమూ తక్కువే. తీసుకున్నవారికి మాత్రం దాని విలువ 30 రూపాయలకు తక్కువగా తోచదు. భరిణె ధర చెక్కుచెదరకుండా ఉంటుంది, పక్కన నిలబడి చూస్తున్న మరో కొనుగోలుదారుకు అది తగ్గే ధర అన్న సంకేతం వెళ్ళదు.

మరింత ముఖ్యమైనది, తగ్గవలసి వస్తే ధర తగ్గించే ముందు వస్తువును తగ్గించాలన్న నియమం. వంద రూపాయలే పెట్టగలిగిన కొనుగోలుదారుకు వంద రూపాయలలో గిట్టే వస్తువు బల్ల మీద సిద్ధంగా ఉండాలి: మూత లేని చిన్న గిన్నె, ఒకే రంగు పూసిన గిలక్కాయ, లోపల తొలిచే పని లేని పావు. మూత జోడీ కుదిర్చే పని తీసేస్తే కాలం సగానికి తగ్గుతుంది, రెండు మూడు రంగుల వలయాల బదులు ఒకే రంగు వేస్తే కడ్డీలు మార్చే పని తప్పుతుంది. గంటకు వచ్చే కూలి మాత్రం ఏ వస్తువులోనూ మారదు. ఏ వస్తువుకు ఎన్ని నిమిషాలు పడుతున్నాయో నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు లేకపోతే ఈ నియమాన్ని పాటించడం సాధ్యం కాదు. చాలామంది కళాకారులు ముడిసరుకు ఖర్చును పైసలతో సహా చెప్పగలరు, తమ కాలాన్ని మాత్రం లెక్కలోకే తీసుకోరు; ఇంట్లో ఆడవారు లక్క పిసికితే, పిల్లలు పొట్లాలు కడితే దానిని పనిగానే లెక్కించరు. ధర తక్కువ పడటానికి కొనేవారి బేరం కన్నా ఈ మౌనమే పెద్ద కారణం కావచ్చు.

టోకు, చిల్లర ధరల తేడా కూడా తెలిసి ఉండాలి. దుకాణదారుకు సరుకు మొత్తంగా ఇచ్చే ధర టోకు ధర, కొనేవారి చేతికి ఒక్కొక్కటిగా అమ్మే ధర చిల్లర ధర. పట్నంలోని దుకాణం తన అద్దెకూ, జీతాలకూ, అమ్ముడుపోని సరుకుకూ చిల్లర ధరలో నూటికి 40 వంతులు ఉంచుకుంటుందనుకుంటే, 150 రూపాయల భరిణె అక్కడ 250కి అమ్మాలి. అదే కళాకారుడు హైదరాబాదు శిల్పారామంలోనో, విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లోనో స్వయంగా బల్ల వేసినప్పుడు, ‘మధ్యలో దళారి లేడు కదా, మీ దగ్గర తక్కువకు రావాలి’ అంటారు. ఈ మాటలో కొంత న్యాయం ఉన్నట్టు కనిపిస్తుంది. కాని బల్ల దగ్గర నిలబడిన పది రోజులూ ఇంటి దగ్గర తరిమెన ఆగిపోయి ఉంటుంది. ప్రయాణం, బస, భోజనం, రవాణాలో విరిగిన సరుకు, వీటన్నిటినీ దుకాణదారు బదులు ఇప్పుడు కళాకారుడే భరిస్తున్నాడు. పైగా ఎగ్జిబిషన్‌లో 150కి అమ్మితే, అదే భరిణెను 250కి పెట్టిన దుకాణం ఆ తరువాత సరుకు అడగడం మానేస్తుంది. అందువల్ల చేసినవాడు తానే అమ్మినా చిల్లర ధర దరిదాపుల్లోనే అమ్మడం ఇద్దరికీ క్షేమం.

పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వచ్చినవారికి పంచడానికి వందల సంఖ్యలో భరిణెలు అడిగేవారు పెరిగారు, అక్కడ బేరం వేరే రూపంలో వస్తుంది: ‘ఐదు వందలు తీసుకుంటున్నాం, సగానికి ఇవ్వాలి’. అచ్చులో పోతపోసే ప్లాస్టిక్‌కు ఈ తర్కం సరిపోతుంది, ఎందుకంటే అక్కడ పెద్ద ఖర్చు అచ్చుది, దానిని ఎన్ని వస్తువుల మీద పంచితే అంత చవక. తరిమెన పనిలో ఐదు వందలవ భరిణె కూడా మొదటి భరిణె అడిగినంత కాలమూ అడుగుతుంది. కలిసివచ్చేదల్లా కొలతలు మాటిమాటికీ మార్చనక్కరలేకపోవడం, ఒకే రంగు కడ్డీని వరుసగా వాడుకోవడం, అమ్మకానికి ఎదురుచూడనక్కరలేకపోవడం. ఇవి కలిసి ఎంత ఆదా చేస్తాయో అంతవరకే తగ్గాలి, ఉదాహరణలోని భరిణె మీద అది పదీ పదిహేను రూపాయలు దాటడం కష్టం.

ఇటువంటి ఆర్డర్లలో ధర కన్నా ఎక్కువగా దెబ్బతీసేది డబ్బు చేతికి వచ్చే తీరు. సరుకు అమ్ముడైన తరువాత ఇస్తామని దుకాణం నెలల తరబడి ఆపితే, ఆ నెలలకు కర్రకూ లక్కకూ తెచ్చిన అప్పు మీద వడ్డీ కళాకారుడి 25 రూపాయల మిగులునే తింటుంది. సూక్ష్మ, చిన్న సంస్థగా ‘ఉద్యం’ నమోదు చేయించుకున్న తయారీదారుకు 2006 నాటి చట్టం ప్రకారం సరుకు అందుకున్న సంస్థ 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తులలో బొమ్మల తయారీని కూడా చేర్చి, తొలి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల వరకు హామీ లేని రుణాన్ని నూటికి 5 వంతుల వడ్డీకి ఇస్తోంది. ఈ రెండింటినీ వాడుకోవాలన్నా కాగితం ఉండాలి. ఎన్ని వస్తువులు, ఏ కొలత, ఏ రంగు, ఒక్కొక్కటి ఎంత, ఎప్పటిలోగా ఇవ్వాలి, ఎప్పటిలోగా డబ్బు రావాలి అన్నవి ఆర్డరు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. కర్రకూ లక్కకూ అయ్యే మొత్తమైనా బయానాగా చేతికి వచ్చిన తరువాతే మొదటి కర్ర తరిమెనకు ఎక్కాలి.